మేక పోతే లెక్కుంది, పిల్లల జడుపుకు లెక్కేది?

తుపాను వెలిసిన మర్నాటి నుంచి మన ఊళ్లల్లోకి జీపులు వస్తాయి. ఎన్ని ఎకరాల వరి నేలకొరిగింది, ఎన్ని కొబ్బరి చెట్లు కూలాయి, ఎన్ని గొడ్లు కొట్టుకుపోయాయి అని రెవిన్యూ వాళ్లు రాసుకుంటారు. ఆ రాతలో కౌలురైతు పేరు ఎక్కదన్నది వేరే గోడు. ఇప్పుడు మేము చెప్పబోయేది ఆ ఫారంలో అసలు లేని గడి సంగతి. ఇంటి కప్పు ఎగిరిపోతుంటే, చెల్లెలు నీళ్లల్లో కొట్టుకుపోతుంటే కళ్లారా చూసిన పదేళ్ల పిల్ల గడి.

1999 అక్టోబరు 29న ఒరిస్సా తీరాన్ని పెనుతుపాను తుడిచిపెట్టింది. సర్కారు లెక్క ప్రకారమే పదివేల మంది దాకా పోయారు. ఏడాది తర్వాత అక్కడి మానసిక వైద్యులు 447 మంది పిల్లల్ని పరీక్షించారు. ఆ ఫలితాలు 2007లో అచ్చయ్యాయి. నూటికి దాదాపు 31 మందికి ఆ భయం ఏడాదైనా వదలని జబ్బుగా ముదిరింది. మరో 13, 14 మందిలో దాని లక్షణాలు కొన్ని ఉన్నాయి. కుంగుబాటు దానికి తోడు. అసలు గుండె కలుక్కుమనే మాట ఇంకోటుంది. ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్టు తేలిన పిల్లల్లో, తల్లిదండ్రులో పంతుళ్లో ముందే పసిగట్టింది ఎనిమిది మందిలో ఒకర్ని మాత్రమే!

తల్లిదండ్రుల్ని తప్పు పట్టగలమా? చేను మునిగి, కొంప కూలి, అప్పులవాడు గుమ్మంలో కూర్చుంటే పిల్లవాడు రాత్రిళ్లు ఉలికిపడటం ఎవరికి కనబడుతుంది? పక్క తడిపితే నాలుగు తగిలిస్తారు. నోరు మెదపకుండా మూల కూర్చుంటే 'బుద్ధిమంతుడయ్యాడు' అనుకుంటారు. మబ్బు పడితే చాలు బడికి పోనని ఏడ్చేవాడు 'బద్ధకస్తుడు'. చివరికి బడి మానేసి కూలికి పోతాడు. అదీ కుటుంబానికి ఆసరాగానే కనిపిస్తుంది.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చిననాటికి ఈ జబ్బుకు ఇప్పుడున్న పేరు వైద్య గ్రంథాల్లో లేదు. అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలో అది చేరింది 1980లో. మన పల్లెల్లో మాత్రం మాట ఎప్పట్నుంచో ఉంది: 'పిల్లాడు జడుసుకున్నాడు'. తాయెత్తు కట్టేవాళ్లు. దాన్ని చూసి మేము నవ్వం. బిడ్డకేదో అయిందని గుర్తించారు గదా. ఈనాటి ఫారాలకు ఆపాటి చూపు కూడా లేదు.

గుర్తించడం బ్రహ్మవిద్యేం కాదు. నార్వేలోని బెర్గెన్ నగరంలో ఉన్న ఒక సంస్థ యుద్ధంలో, విపత్తుల్లో చిక్కిన పిల్లల కోసం ఎనిమిది ప్రశ్నల పట్టిక ఒకటి వాడుకలోకి తెచ్చింది. ఎనిమిదేళ్లు దాటిన, చదవడం వచ్చిన పిల్లలెవరైనా జవాబు చెప్పొచ్చు. వద్దనుకున్నా ఆ సంగతి గుర్తుకొస్తోందా, దాన్ని గుర్తుచేసే చోట్లకు పోకుండా తప్పుకుంటున్నావా - ఈ తీరున ఉంటాయి. ఒక్కో జవాబుకు సున్నా నుంచి అయిదు దాకా మార్కులు. మొత్తం 40కి 17 గాని అంతకు మించి గాని వస్తే డాక్టరు చూడాల్సిందే. అంతేగాని 17 వచ్చింది గనుక జబ్బు ఖాయమనీ, పిల్లవాడు పిచ్చివాడనీ కాదు. పట్టిక జల్లెడ, అంతే. పైగా ఘటన జరిగిన వారానికే పోయి అడగరాదు. మొదటి నెలలో భయపడటం సహజం, చాలామంది వాటంతట అవే తేరుకుంటారు. నెల దాటినా వదలనివాళ్లకే వైద్యం. ఆ వైద్యం కూడా మొదట మందుబిళ్ల కాదు. జరిగినదాన్ని కొంచెం కొంచెంగా పిల్లల నోటనే చెప్పించి భయం దించేది.

మరి సర్కారు ఏం చేస్తోంది? 2013లో కేంద్రం పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం తెచ్చింది. పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు 30 రకాల లోపాలు, జబ్బులు చూడాలి. అంగన్‌వాడీలకు, సర్కారు బడులకు బృందాలు వస్తాయి. మంచిదే. పంటి పుచ్చు, చూపు, వినికిడి ఆ జాబితాలో ఉన్నాయి. విపత్తు మిగిల్చే జడుపు లేదు! ఇంకో చిక్కు: బడిలో చూస్తే బడికి వచ్చినవాళ్లే దొరుకుతారు. తల్లిదండ్రుల వెంట ఇటుక బట్టీలకు వలసపోయినవాళ్ల మాటేమిటి?

తుపానులే కాదు. పురుగుమందు తాగిన నాన్నను ముందు చూసేది చాలాసార్లు పిల్లలే. 2004లో 421 జీవో వచ్చినప్పట్నుంచీ విచారణ కమిటీలు ఆ ఇంటికి పోతున్నాయి, పాసుపుస్తకం అడుగుతున్నాయి, అప్పు పత్రాలు అడుగుతున్నాయి. మంచం పక్కన నిలబడ్డ పిల్లను పలకరించమని ఏ జీవో చెప్పింది?

జల్లెడ పట్టి వదిలేస్తే మాత్రం ప్రయోజనం లేదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచి నడుస్తోంది గాని, పిల్లల మనసు చూసే డాక్టర్లు పట్నాలు దాటి రారు. 2022 అక్టోబరులో వచ్చిన టెలీమానస్ 14416 నంబరుకు ఎవరైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. ఆ నంబరు ప్రతి రైతు సేవా కేంద్రం గోడమీద ఎక్కాలి. నష్టం రాసుకునే ఫారంలో పిల్లలకో గడి కావాలి. పంట నష్టానికి వచ్చిన బృందం వెనకే, నెల తిరిగేసరికి ఏఎన్నెమ్మో పంతులమ్మో ఆ ఎనిమిది ప్రశ్నలతో ఇంటింటికీ రావాలి. వలసపోయిన వాళ్లుంటే బట్టీ దగ్గరికే పోవాలి. రైతు సంఘాలు ఈసారి కలెక్టరుకిచ్చే వినతిపత్రంలో ఎకరాకు ఇంత అని రాసే పంక్తి కిందనే దీన్నీ రాయాలి.