వల కన్నులోనే వచ్చే ఏటి చేప

శ్రీశైలం జలాశయంలో పుట్టి మీద బతికే జాలరికి చిన్న చేపను వదిలేయడమే పెట్టుబడి. అలివి వలలు ఆ పెట్టుబడినే ఊడ్చేస్తున్నాయి.

పొద్దు వాలుతుండగా సోమశిల రేవులో పుట్టి నీళ్లలోకి దిగుతుంది. వెదురు బద్దలతో అల్లిన పెద్ద బుట్ట, అడుగున ప్లాస్టిక్ పట్టా, దాని మీద తారు పూత. పడవంటే అంతే. దానికి ముందూ వెనకా లేవు. తెడ్డు వేయడం రానివాణ్ని ఉన్నచోటే గిరగిరా తిప్పేస్తుంది. చేతనైనవాడు ముందుకు వంగి, నీటిని తెడ్డుతో తనవైపు లాక్కుంటూ సాగిపోతాడు. ఒకరు తెడ్డు వేస్తుంటే మరొకరు వల వదులుతారు.

విదేశాల్లో ఇలాంటి జలాశయాల్లో కయాక్ మీద చేపలు పట్టడం సెలవురోజు సరదా. ఆ కయాక్ కూడా పుట్టుకతో సరదా పడవ కాదు. ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్లు కర్రతోనో ఎముకలతోనో చట్రం కట్టి, దానికి సీల్ తోలు బిగించి వేటకు వెళ్లేవారు. మన పుట్టికీ ఒకప్పుడు తోలే తొడుగు. ఇద్దరిదీ ఒకే సూత్రం. తేడా అల్లా ఆకలి దగ్గరే. సరదా వేటగాడు పట్టిన చేపతో ఫొటో దిగి, చాలాసార్లు దాన్ని తిరిగి నీళ్లలో వదిలేస్తాడు. పుట్టి మీది జాలరికి ఆ వెసులుబాటు లేదు. అయినా అతనూ వదులుతాడు, చేతితో కాదు, వల కన్నుతో.

ఆ లెక్క సులువైనదే. సాయంత్రం నైలాన్ వలను నీళ్లలో గోడలా నిలువుగా దించి, తెల్లవారుజామున తీస్తారు. కన్ను పెద్దదైతే పిల్ల చేప అందులోంచి జారిపోతుంది, ఎదిగిన చేప మొప్పల దగ్గర చిక్కుకుంటుంది. జారిపోయిన పిల్లే వచ్చే ఏటి రాబడి.

ఈ నీటి కింద ఊళ్లున్నాయి. 1981లో అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద గ్రామాలు ఖాళీ అయ్యాయి. లక్ష మందికి పైగా నిర్వాసితులయ్యారు. వేసవిలో మట్టం పడిపోయినప్పుడు సంగమేశ్వరాలయం బయటపడి ఆ సంగతి గుర్తుచేస్తుంది. పొలం పోయిన చోట నీరొచ్చింది, నీటితోపాటు చేప వచ్చింది. అయితే ఆ చేప దానంతట అది పెరిగే సరుకు కాదు. బొచ్చె, రోహు, మోసు లాంటివి నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వాటికి వరద నీటి పరుగు కావాలి. అందుకే ఏటా చేప పిల్లల్ని తెచ్చి వదలాలి. తెలంగాణ ప్రభుత్వం 2016లో ఉచిత చేప పిల్లల పంపిణీ మొదలుపెట్టింది. నిలవ నీటిలోనే సంతానం పెంచుకునే జిలేబి చేపకు ఆ అవసరం లేదు. కానీ దానికి బొచ్చెకు పలికే ధర పలకదు.

ఇక్కడే అలివి వల అడ్డొస్తుంది. దోమతెరలా సన్నటి కన్నులుండే ఈ పొడవాటి వలను నీళ్లలో చుట్టూ తిప్పి, కూలీలను పెట్టి ఒడ్డుకు లాగుతారు. వేలెడంత పిల్ల కూడా తప్పించుకోలేదు. ఎండబెట్టి అమ్మితే దానికీ గిరాకీ ఉంది. సర్కారు సొమ్ముతో వదిలిన పిల్ల కిలో తూగేదాకా ఎదగకముందే ఎండు చేపై సంచిలోకి చేరుతుంది. ఈ వలలపై నిషేధం ఉంది. అధికారులు అడపాదడపా పట్టుకుని తగలబెడతారు. కొన్నాళ్లకు కొత్త వల దిగుతుంది.

పుట్టి జాలరి ఎందుకు ఎదిరించడన్న ప్రశ్నకు జవాబు చాలాచోట్ల అప్పు పద్దులో దొరుకుతుంది. వలకు, పుట్టికి వ్యాపారి ముందే డబ్బిస్తాడు. అందుకు బదులుగా చేప అతనికే అమ్మాలి, అదీ అతను చెప్పిన ధరకే. అప్పున్నవాడికి ఎదురుచూసే ఓపిక ఉండదు. పక్కవాడు పిల్ల చేపను ఊడ్చేస్తుంటే తన వల కన్నును పెద్దదిగా ఉంచుకోవడం అతనికి మంచితనంలా కాక తెలివితక్కువతనంలా కనిపిస్తుంది.

2014 తర్వాత జలాశయానికి ఓ ఒడ్డు తెలంగాణ, మరో ఒడ్డు ఆంధ్రప్రదేశ్. నీటి మట్టం 885 అడుగులకు ఎంత దూరంలో ఉందో, ఎన్ని టీఎంసీలు ఎవరికి వెళ్లాయో రెండు రాష్ట్రాలూ రోజూ లెక్క రాసుకుంటాయి. చేపకు మాత్రం సరిహద్దు లేదు. ఈ ఒడ్డున వదిలిన పిల్ల ఆ ఒడ్డున వలలో పడుతుంది. కాబట్టి వల కన్ను కొలత రెండు ఒడ్లకూ ఒకటే కావాలి, నిఘా కూడా ఉమ్మడిగానే సాగాలి. అంతకుముందు మత్స్యకార సహకార సంఘాల ద్వారా జాలరికి వలకు, పుట్టికి సరిపడా రుణం అందాలి. వ్యాపారి పద్దులోంచి బయటపడ్డవాడే పిల్ల చేపను ధైర్యంగా వదలగలడు.

తెల్లారేసరికి పుట్టి ఒడ్డుకు చేరుతుంది. అడుగున నాలుగు బొచ్చెలున్నాయా, గుప్పెడు జిలేబీలేనా అన్నది ఆ రాత్రి అదృష్టం కాదు. కిందటేడు ఈ నీళ్లలో ఎవరు ఏ వల వేశారన్న దాని ఫలితం.