మదర్‌బోర్డు కాలిపోయిందనుకునే ముందు ఇవి చూడండి

పిల్లల చదువుకనీ, వీడియో ఎడిటింగ్ పనికనీ ఇంట్లో వాళ్లు డబ్బు కూడబెట్టి పెద్ద కంప్యూటర్ కొంటున్నారు. విడిభాగాలు బిగించి స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరుగుతాయి, మానిటర్ మీద మాత్రం ఏమీ రాదు. బోర్డు పోయిందని కంగారుపడతారు. చాలాసార్లు బోర్డుకు ఏమీ అయి ఉండదు. ఏఎండీ ఏఎం5 సాకెట్‌తో వచ్చే ఎక్స్670ఈ, ఎక్స్870ఈ లాంటి ఖరీదైన బోర్డుల సంగతి చూద్దాం.

ముందు కాసేపు ఆగండి. ఈ బోర్డుల్లో వాడేది డీడీఆర్5 ర్యామ్. మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు ఆ ర్యామ్‌ను పరీక్షించి సర్దుకుంటుంది. దీన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. కొన్ని నిమిషాలు మానిటర్ నల్లగానే ఉండొచ్చు. మధ్యలో ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది. పావుగంట ఓపిక పట్టండి.

అప్పటికీ రాకపోతే బోర్డు మీది చిన్న లైట్లలో ఏది వెలిగి ఆగిపోయిందో గమనించండి.

సీపీయూ లైటు: ప్రాసెసర్ దగ్గరి 8 పిన్నుల పవర్ కేబుల్ గట్టిగా దిగిందా చూడండి. కొత్త ప్రాసెసర్‌ను పాత బయోస్ గుర్తుపట్టకపోవచ్చు. బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ చేయొచ్చు.

డ్రామ్ లైటు: రెండు ర్యామ్‌లుంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. ఒక్కటే పెట్టి కూడా చూడండి.

వీజీఏ లైటు: గ్రాఫిక్స్ కార్డు సరిగా కూర్చుందా, దాని పవర్ కేబుల్ పెట్టారా చూడండి. మానిటర్ కేబుల్ కార్డుకే ఉండాలి.

బూట్ లైటు: విండోస్ ఉన్న డ్రైవ్ దొరకడం లేదని అర్థం.

ఇవేవీ పనిచేయకపోతే కరెంటు ప్లగ్ తీసి, బోర్డు మీది గుండ్రటి బ్యాటరీని కొన్ని నిమిషాలు బయట ఉంచి పెట్టండి. బయోస్ సెట్టింగులు మొదటికొస్తాయి.

కంప్యూటర్ ఆన్ అయ్యాక బయోస్‌లో ఎక్స్‌పో ఆన్ చేస్తేనే ర్యామ్ పెట్టె మీద రాసిన వేగం వస్తుంది. నాలుగు ర్యామ్‌లు పెడితే వేగం తగ్గుతుంది, రెండు పెద్దవే మేలు.

బయోస్ అప్‌డేట్‌ను తేలిగ్గా తీసుకోవద్దు. 2023లో కొన్ని రైజెన్ 7000 ప్రాసెసర్లు బోర్డుతో సహా కాలిపోయాయి. ఆ తర్వాత ఏఎండీ ఎస్‌ఓసీ వోల్టేజీని 1.3 వోల్టులకు పరిమితం చేస్తూ అప్‌డేట్ ఇచ్చింది. అప్‌డేట్ చేసేటప్పుడు కరెంటు పోతే బోర్డుకే ముప్పు, కాబట్టి యూపీఎస్ ఉండాలి. బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ ముందే రాసిపెట్టుకోండి. అది లేకపోతే ఫైళ్లు చేజారినట్లే.

ఇక షాపుకు తీసుకెళ్లక తప్పదంటే, ముందు సాకెట్ పిన్నులకు ఫోటో తీసుకోండి. ఏఎం5లో పిన్నులు బోర్డు మీదే ఉంటాయి. అవి వంగాయంటే వారంటీ ఇవ్వకపోవచ్చు. బిల్లుతో పాటు ఆ ఫోటో మీ దగ్గరుంటే మీ మాటకు ఆధారం ఉంటుంది.