ఇనుప రథంలో మనిషి

"అంత ఇనుము నడుమ కూసుంటవు గద బిడ్డా, నీకేం గాదు గదా?"

వానాకాలపు కోతల రోజులలో మా మాడుగులపల్లిలో ఒక ఇంటి అరుగు మీద ఈ ప్రశ్న విన్నాను. అడిగినది తల్లి. సమాధానం చెప్పవలసినవాడు సెలవు మీద ఇంటికి వచ్చిన కొడుకు. ఒకప్పుడు నా దగ్గర తెలుగు చదివిన కుర్రవాడు, ఇప్పుడు సైన్యంలో ట్యాంకు దళంలో ఉన్నాడు. వాడు నవ్వి ఊరుకున్నాడు. ఆవిడ ఊరుకోలేదు. నా వంక తిరిగి "సారూ, సదువుకున్నోళ్ళు, జర మీరన్న చెప్పున్రి" అన్నది.

కర్ణుని కవచకుండలాల గురించి పాఠం చెప్పేవాణ్ణి గాని ట్యాంకుల గురించి నాకేమి తెలుసు? అయినా ఆ తల్లి ప్రశ్న వదలలేదు. దొరికిన పుస్తకాలు తిరగవేశాను. వాడిని కూర్చోబెట్టి, చెప్పదగినంతవరకూ చెప్పించుకున్నాను. చివరకు తేలిందేమంటే, ఆవిడ అడిగిన ప్రశ్ననే నూరేళ్ళకు పైగా మహామహా ఇంజనీర్లందరూ అడుగుతున్నారు. ఏ ఒక్కరికీ పూర్తి సమాధానం దొరకలేదు!

చెరువు కాని ట్యాంకు

మన దేశంలో ఇంగ్లీషువాడు ట్యాంకు అంటే చెరువు. హైదరాబాదు ట్యాంక్‌బండ్ ఆ లెక్కనే వచ్చింది. ఆ మాట ఇంగ్లీషులోకి మన గుజరాత్ నుంచే వెళ్ళిందని కొందరు, పోర్చుగీసు నుంచి వెళ్ళిందని కొందరు పండితులు అంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండువారు ఈ ఇనుప శకటాన్ని రహస్యంగా తయారు చేస్తూ, అడిగినవారికి "ఏమీ లేదు, నీళ్ళ ట్యాంకులు" అని చెప్పారు. యుద్ధం ముగిసినా ఆ అబద్ధపు పేరే నిలిచిపోయింది.

1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులో సోమ్ నది దగ్గర అది మొదటిసారి యుద్ధరంగంలో దిగింది. బరువు 28 టన్నులు. లోపల 8 మంది. ఇనుప రేకు మందం 6 నుంచి 12 మిల్లీమీటర్లు. తుపాకి గుండు ఆగేది నిజమే. కాని ఇంజను, మనుషులు ఒకే గదిలో ఉండేవారు. ఆ వేడికి, పొగకు శత్రువు అవసరం లేకుండానే లోపలివారు సొమ్మసిల్లి పడిపోయేవారు. గుండు బయట తగిలినప్పుడు లోపలి నుంచి ఇనుప రవ్వలు ఎగిరి ముఖాన పడేవి. అంచేత వారికి గొలుసుల ముసుగులు ఇచ్చారు. బయటి ప్రమాదం నుంచి కాపాడే పెట్టె తానే ఒక ప్రమాదం కాగలదని మొదటి రోజునే తెలిసిపోయింది.

మన బాట మీద

ఇదంతా సీమదేశపు గొడవ, మనకెందుకు అనుకోకండి. 1948 సెప్టెంబరు 13న పోలీసు యాక్షన్ మొదలైనప్పుడు ప్రధాన సేన షెర్మన్ ట్యాంకులతో షోలాపూర్ దారిన వచ్చింది. మరొక సేన మేజర్ జనరల్ రుద్ర నాయకత్వాన బెజవాడ నుంచి బయలుదేరి మన కోదాడ బాటనే పట్టింది. ఎదురు నిలిచినవి నిజాం సేనలోని హంబర్, స్టాగ్‌హౌండ్ అనే సాయుధ శకటాలు. అవి ట్యాంకులు కావు, రబ్బరు చక్రాల మీద పరుగెత్తే ఇనుప బండ్లు. పొద్దున్నే కోదాడ, సాయంకాలానికి మునగాల యూనియన్ సేన వశమయ్యాయి. ఆ తరువాత సూర్యాపేట. వెనక్కు పోతూ నిజాం సేన మూసీ మీది వంతెనను పేల్చివేసింది. అయితే కాపలాగా ఎవరినీ ఉంచలేదు. యూనియన్ ఇంజనీర్లు దానిని త్వరగానే బాగు చేసుకుని ముందుకు సాగారు.

మా తాత ఈ కథ చెప్పినప్పుడల్లా శకటాల గురించి తక్కువ, వంతెన గురించి ఎక్కువ చెప్పేవాడు. "ఎంత ఇనుముంటే ఏంది, వాగు దాటకుంటే!" అనేవాడు. అప్పుడు నవ్వుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ట్యాంకు శాస్త్రమంతా ఆ మాటలోనే ఉంది.

మూడు కాళ్ళ పీట

ట్యాంకుకు కావలసినవి మూడు: ఎదుటివాడిని కొట్టగల ఫిరంగి, లోపలివాడిని కాచే కవచం, రెండింటినీ మోసుకుపోగల నడక. ఒకటి పెంచితే మిగిలిన రెండూ మూల్గుతాయి. రేకు మందం పెంచితే బరువు పెరుగుతుంది. బరువు పెరిగితే పెద్ద ఇంజను కావాలి. పెద్ద ఇంజనుకు చోటు కావాలి. చోటు పెరిగితే ట్యాంకు ఒడ్డూ పొడవూ పెరుగుతాయి. పెరిగిన ఆ మేరకంతా మళ్ళీ రేకు కప్పాలి. తాడు చివర పట్టుకోబోతే పాము తోక చేతికి వచ్చినట్లు, మొదటికే వస్తాం.

మన అర్జున్ ట్యాంకు సంగతే చూడండి. 1974లో అనుమతి పొందిన ఈ పథకం మద్రాసు దగ్గరి ఆవడిలో రూపుదిద్దుకుంది. మొదటి రకం బరువు 58 టన్నుల పైచిలుకు. ఇంజను శక్తి 1400 గుర్రాలు. అంటే టన్నుకు 24 గుర్రాలు. తరువాతి రకమైన మార్క్-1ఏలో కవచమూ ఇతర సదుపాయాలూ పెంచేసరికి బరువు 68 టన్నులైంది. ఇంజను మాత్రం అదే. ఇప్పుడు టన్నుకు ఇరవై పైచిలుకు గుర్రాలే. ఈ రకం ట్యాంకులు 118 కావాలని 2021లో ఆర్డరు ఇచ్చారు.

మన మిర్యాలగూడ మిల్లులకు వడ్లు మోసే పెద్ద లారీలు రెండింటిని, నిండా బస్తాలతో, ఒకదానిమీద ఒకటి పెట్టినంత బరువు అది. మరి బురదలో దిగబడదా? ఇక్కడ మన రైతుకు కొత్తగా చెప్పవలసిందేమీ లేదు. సాగరు కాలువ కింద తడి ఆరని మడిలో టైర్ల కోతమిషను దిగబడుతుంది, చైను మిషను హాయిగా పోతుంది. బరువు వెడల్పుగా పరుచుకోవడమే కిటుకు. అర్జున్ మొదటి రకం చదరపు సెంటీమీటరు నేల మీద మోపే బరువు 0.84 కిలోలు మాత్రమే. నడిచే మనిషి అడుగు కింద పడే ఒత్తిడికీ దీనికీ పెద్ద తేడా లేదు. కాని చైను నేలను మభ్యపెట్టగలదు గాని వంతెనను మభ్యపెట్టలేదు. వంతెన మోయవలసింది మొత్తం బరువును.

ఆ సంగతి రష్యావారు బాగా గ్రహించారు. వారి టీ-72 బరువు 41 టన్నుల పైమాటే గాని అర్జున్ కన్న చాల తేలిక. దానిని మన దేశంలో 'అజేయ' అన్నారు. బరువు ఎలా తగ్గించారు? ఫిరంగిలో గుండు పెట్టే మనిషిని తీసివేసి ఆ పనికి యంత్రాన్ని పెట్టారు. నలుగురు కూర్చునే చోట ముగ్గురే సరిపోయారు. ట్యాంకు పొట్టిదైంది. పొట్టిదైతే కనబడడం తక్కువ, కప్పవలసిన రేకూ తక్కువ. ఎంత తెలివి! కాని ఆ యంత్రం గుళ్ళనూ మందునూ సిబ్బంది కాళ్ళ కిందనే చక్రంలా పేర్చుకుంటుంది. కవచాన్ని చీల్చుకుని నిప్పు అక్కడికి చేరిందా, ట్యాంకు తలకాయే ఎగిరిపోతుంది. 2022 నుంచి ఉక్రెయిన్ యుద్ధపు చిత్రాలలో లోకమంతా చూసినది అదే.

మందం కాదు, ఉపాయం

అయితే దట్టమైన రేకు తప్ప వేరే దారి లేదా? ఉన్నది. దోసకాయను అడ్డంగా కోస్తే చిన్న చక్రం వస్తుంది. ఏటవాలుగా కోస్తే పొడవైన ముక్క వస్తుంది. కాయ అదే, కత్తి నడిచే దూరం పెరిగింది. ఉక్కు రేకును ఏటవాలుగా వాల్చినా అంతే. రెండవ ప్రపంచ యుద్ధంలో రష్యా టీ-34 ట్యాంకు ముందు రేకు 45 మిల్లీమీటర్లే. దానిని నిలువు నుంచి 60 డిగ్రీలు వాల్చడంతో ఎదురుగా వచ్చే గుండుకు 90 మిల్లీమీటర్ల దూరమైంది. అయితే ఆ వాలు వల్ల లోపల చోటు తగ్గింది. ఉచితంగా ఏదీ రాదు సుమా!

రెండవ ఉపాయం పుట్టినది మన హైదరాబాదులో. కంచన్‌బాగ్‌లోని రక్షణశాఖ లోహ పరిశోధనశాల తయారు చేసిన కవచానికి ఆ పేట పేరు మీదుగానే 'కంచన్' అని పేరు. ఉక్కు రేకుల నడుమ పింగాణీ వంటి గట్టి పలకలు పేర్చడం దాని పద్ధతి. కూర్పు రహస్యం. రాగిని సన్నని ధారగా చిమ్మి రేకును తొలిచే గుండు ఒకటున్నది. అది ఒట్టి ఉక్కును తొలిచినంత సులభంగా ఈ పొరలను తొలవలేదు. అదే పనికి ఒట్టి ఉక్కు వాడితే ఎంతో ఎక్కువ బరువు మోయాలి. అర్జున్ వంటి మహాభారతపు పేరుగల రథానికి తెలుగు గడ్డ మీద కవచం పుట్టడం మా తెలుగు మేష్టర్లకు ఎంత సంతోషమో చెప్పనక్కరలేదు.

మూడవ ఉపాయం అన్నిటికన్న చిత్రమైనది. షోలాపూర్ దారిన వచ్చాయని చెప్పానే, ఆ షెర్మన్ ట్యాంకులకు ప్రపంచ యుద్ధంలో ఒక అపకీర్తి ఉండేది. గుండు తగిలిన వాటిలో సగానికి పైగా భగ్గున మండిపోయేవి. పెట్రోలు వల్ల అనుకున్నారు. తీరా చూస్తే అసలు కారణం లోపల పక్కలకు పేర్చిన గుళ్ళ మందు. అమెరికావారు గుళ్ళను అడుగుకు దించి, చుట్టూ నీటి తొట్లు పెట్టారు. తగలబడేవి పదింట ఒకటి రెండుకు తగ్గిపోయాయి. మనుషులను బతికించింది పై రేకు కాదు, గుళ్ళకు వెతికిన చోటు. అమెరికా అబ్రామ్స్ ట్యాంకులో గుళ్ళ గదికీ మనుషుల గదికీ నడుమ ఉక్కు తలుపు ఉంటుంది. గుళ్ళ గది పైకప్పును మాత్రం పేలుడుకు ఊడిపోయేలా కావాలనే పెట్టారు. మంట ఆకాశానికి పోతుంది, మనిషి మిగులుతాడు. ఇజ్రాయెల్‌వారు మర్కావాలో ఇంజనునే ముందుకు జరిపి మనిషికి అడ్డు పెట్టారు. ఇంజను పోతే మరొకటి చేయవచ్చునని వారి లెక్క.

తేలాలంటే పలచబడాలి

సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారంలో, మెదక్ ఆయుధ కర్మాగారం అనే పేరుతో 1984 నుంచి ఒక పెద్ద కార్ఖానా ఉన్నది. అక్కడ తయారయ్యేది ట్యాంకు కాదు, 'సారథ్' అనే పదాతి శకటం. దానిని నడిపేవారు ముగ్గురు, ప్రయాణించే జవాన్లు ఏడుగురు. బరువు 14 టన్నులు. దాని విశేషం ఏమిటంటే నీటి మీద తేలుతుంది! పడవలా ఏరు దాటుతుంది. మా తాత వింటే ఎంత మెచ్చుకునేవాడో. కాని తేలాలంటే పలచబడాలి. దాని రేకు చిన్న తుపాకి గుళ్ళనూ పేలుడు ముక్కలనూ ఆపుతుంది, ఫిరంగి గుండును ఆపలేదు. పైగా చోటు చాలక వెనక తలుపుల్లోనే కొంత ఇంధనం నింపుతారు. వంతెన లేని చోట అది ప్రాణరక్షణ, ఎదురుగా ట్యాంకు ఉన్న చోట అదే ప్రాణగండం. పది ప్రాణాల సంగతి ఇది.

ఏరు అడిగిన ప్రాణాలు

2024 జూన్ 28 రాత్రి లడఖ్‌లో దౌలత్‌బేగ్ ఓల్డీ వైపు శ్యోక్ నదిలో ఒక టీ-72 ట్యాంకు శిక్షణలో ఉండగా నీరు హఠాత్తుగా పెరిగింది. ట్యాంకు చిక్కుకుపోయింది. రక్షించబోయినవారు ప్రవాహపు ఉరవడికి చేరలేకపోయారు. ఐదుగురు వీరులు అమరులయ్యారు. అందులో ముగ్గురు తెలుగువారు: ఒకరు ప్రకాశం జిల్లా, ఒకరు కృష్ణా జిల్లా, ఒకరు బాపట్ల జిల్లా. అక్కడ శత్రువు గుండు లేదు. నలభై టన్నుల ఉక్కు ఉన్నది, మంచు కరిగిన నీరు ఉన్నది. కర్ణునికి యుద్ధానికి ముందే కవచం పోయింది, యుద్ధరంగంలో చక్రమూ దిగబడింది. వీరికి కవచం ఉండి కూడా ఏరు వదలలేదు.

2020లో గల్వాన్ ఘర్షణలో మన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు అమరుడైన తరువాత ఆ కొండలకు బరువైన ట్యాంకులను చేర్చవలసి వచ్చింది. అక్కడి పలచని గాలిలో ఇంజనుకూ ఊపిరి తక్కువే. అందుకే 25 టన్నుల తరగతిలో 'జోరావర్' అనే తేలిక ట్యాంకును తయారు చేసి 2024 జులైలో చూపించారు. కొండ ఎక్కుతుంది, ఏరు ఈదుతుంది. రేకు మాత్రం పలచన. మళ్ళీ అదే తూకం!

మరి ఆ తల్లికి ఏమి చెప్పాలి? ఆ సాయంకాలం మళ్ళీ వారి అరుగు మీదికి వెళ్ళాను. "అమ్మా, ఇనుము ఎంతున్నా అది సగమే కాపలా. కనబడకుండా ఉండడం ఒక కాపలా, త్వరగా తప్పుకోవడం ఒక కాపలా, నిప్పును దూరంగా పెట్టడం ఒక కాపలా, ఏరు సంగతి ముందే తెలుసుకోవడం ఇంకొక కాపలా" అన్నాను.

ఆవిడ కాసేపు ఆలోచించింది. "అయితే ఆ బండి చేసేటోళ్ళు దాంట్ల ఎవని కొడుకు కూసుంటడో యాద్‌పెట్టుకోవాలె సారూ" అన్నది.

కొడుకు తల వంచుకున్నాడు. ఎదుటి మడిలో చైను మిషను బురదలోంచి మెల్లగా పైకి వస్తోంది. తల్లి లేచి వాడికి అన్నం పెట్టడానికి లోపలికి వెళ్ళింది.