ఇంటి ఇంటర్నెట్‌కు స్టాటిక్ ఐపీ అవసరమా?

ఇంటర్నెట్‌లో పంపిన సమాచారం గమ్యం చేరడానికీ, దానికి జవాబు తిరిగి రావడానికీ ప్రతి కనెక్షన్‌కు అంకెలతో కూడిన ఒక చిరునామా ఉండాలి. దానినే ఐపీ అడ్రస్ అంటారు. సర్వీసు సంస్థ తన దగ్గరున్న చిరునామాల్లో ఒకదాన్ని కొంత గడువుకు ఇచ్చి, గడువు తీరినప్పుడో రౌటర్‌ను ఆపి మళ్లీ వేసినప్పుడో మార్చే వీలుంటే అది డైనమిక్ ఐపీ. కనెక్షన్ ఉన్నంతకాలం అదే చిరునామాను ఆ ఇంటికే కేటాయిస్తే అది స్టాటిక్ ఐపీ.

ఈ తేడాకు మూలం చిరునామాల కొరత. 1981లో ప్రమాణంగా వెలువడిన ఐపీవీ4 పద్ధతిలో ఒక్కో చిరునామా 32 బిట్ల పొడవు మాత్రమే కాబట్టి, మొత్తం మీద సుమారు 429 కోట్ల చిరునామాలే సాధ్యం. 2011 ఫిబ్రవరిలో ప్రపంచస్థాయి నిల్వ పూర్తిగా పంపిణీ అయిపోవడంతో, చాలా సంస్థలు ఒకే బహిరంగ చిరునామాను అనేక ఇళ్లకు ఉమ్మడిగా వాడే ఏర్పాటు చేసుకున్నాయి; దీనిని సీజీనాట్ అంటారు. ఇందులో ఇంటి నుంచి బయటికి వెళ్లే పనులు, అంటే వెబ్‌సైట్లు చూడటం, సినిమాలు, వీడియో కాల్స్ మామూలుగానే సాగుతాయి కానీ, బయటి నుంచి నేరుగా ఇంటిలోని పరికరాన్ని చేరడం కుదరదు.

ఇంటి కనెక్షన్ ఈ ఏర్పాటులో ఉందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. రౌటర్ సెట్టింగుల్లో వాన్ ఐపీ అన్నచోట కనిపించే సంఖ్యనూ, ఐపీ అడ్రస్ చూపే వెబ్‌సైట్‌లో కనిపించే ఐపీవీ4 సంఖ్యనూ పోల్చి చూడాలి. రెండూ వేరైతే సాధారణంగా మధ్యలో ఉమ్మడి చిరునామా ఉన్నట్టే. వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అంకెలతో మొదలైతే అనుమానమే అక్కర్లేదు, ఎందుకంటే ఆ వరుసను 2012లో ఇందుకోసమే కేటాయించారు.

ఇంటిలో సొంత సర్వర్ నడిపేవారికీ, నిర్దిష్ట చిరునామా నుంచి మాత్రమే ఆఫీసు నెట్‌వర్క్‌లోకి అనుమతి ఉన్న ఉద్యోగులకూ స్టాటిక్ ఐపీ నిజంగా ఉపయోగపడుతుంది. సీసీ కెమెరాల దృశ్యాలను ఫోన్‌లో చూడటానికి మాత్రం అది తప్పనిసరి కాదు. తయారీదారుల యాప్‌లు చాలావరకు తమ సర్వర్ల ద్వారానే ఆ పని చేస్తాయి. బహిరంగ చిరునామా ఉండి అది మారుతూ ఉండటమే సమస్య అయితే, మారిన ప్రతిసారీ కొత్త సంఖ్యను ఒకే పేరుకు జతచేసే డైనమిక్ డీఎన్ఎస్ సరిపోతుంది.

స్టాటిక్ ఐపీ వల్ల ఇంటర్నెట్ వేగం పెరగదు, భద్రతా పెరగదు. పైగా ఎప్పుడూ ఒకేచోట కనిపించే చిరునామాపై దాడి ప్రయత్నాలు చేయడం తేలిక కనుక, దానిని తీసుకున్నవారు రౌటర్‌తోనూ కెమెరాలతోనూ వచ్చిన పాస్‌వర్డ్‌లను తప్పక మార్చుకోవాలి. అందువల్ల అదనపు రుసుము కట్టే ముందు వినియోగదారులు తమ అవసరాన్ని సర్వీసు సంస్థకు వివరించి, బహిరంగ చిరునామా ఇస్తే చాలా, స్టాటిక్ ఐపీయే కావాలా అన్నది స్పష్టంగా అడిగి తెలుసుకోవడం మేలు.