గాల్లో వచ్చే టీవీకి బిల్లెందుకు?

కేబుల్ కనెక్షన్ లేదు, ఇంటర్నెట్ లేదు, నెలనెలా కట్టాల్సిన బిల్లు అసలే లేదు. కిటికీకి అట్టముక్కలాంటి యాంటెన్నా ఒకటి తగిలిస్తే చాలు... వార్తలూ ఆటలూ పిల్లల కార్యక్రమాలూ ఇంట్లోకి వచ్చేస్తాయి. ఈ సదుపాయం ఉన్నది ఏ పేద దేశంలోనో కాదు, అమెరికాలో!

టీవీ యాంటెన్నా అనగానే మనకు గుర్తొచ్చేది డాబా మీద పొడవాటి పైపు, దానికి అడ్డంగా అల్యూమినియం కమ్మీలు. పైన ఒకరు తిప్పుతుంటే కింద నుంచి 'వచ్చింది... వచ్చింది... అయ్యో, పోయింది' అంటూ కేకలు! కేబుల్ టీవీ వచ్చాక అది కాకులు వాలే కొమ్మయింది. 2022 నాటికి దూరదర్శన్ కొన్ని వ్యూహాత్మక ప్రాంతాల్లో తప్ప పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను మూసేయడంతో దాని కథ దాదాపు ముగిసింది. మనకు ఉచిత చానళ్లు ఇప్పుడు డీడీ ఫ్రీ డిష్‌లో వస్తాయి. దానికి డిష్ ఉండాల్సిందే.

అమెరికాలోనూ అనలాగ్ పోయింది. 2009 జూన్ 12న పెద్ద స్టేషన్లన్నీ డిజిటల్‌కి మారాయి. కానీ టవర్ల మీద నుంచి ప్రసారం చేయడం మాత్రం మానలేదు. అందుకే ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్, పిల్లలు ఇష్టపడే పీబీఎస్ లాంటివి పెద్ద నగరాల్లో ఇప్పటికీ గాల్లోనే ఉచితంగా దొరుకుతాయి. స్టేషన్లు వాడుకునే తరంగాలు ప్రజల ఆస్తి. వాటిని వాడుకోనిచ్చినందుకు ప్రజలకు ఉపయోగపడాలన్నది అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఇచ్చే లైసెన్సులోని మూలసూత్రం.

ధరలో లేదు, చోటులో ఉంది

కొత్తగా అక్కడికి వెళ్లి అద్దె అపార్ట్‌మెంటులో దిగినవాళ్లు యాంటెన్నా కొనబోతే దుకాణంలో కనిపించే అట్టపెట్టెలు అయోమయంలో పడేస్తాయి. ఒకదాని మీద 'వంద మైళ్లు' అని ఉంటుంది, ఇంకోదాని మీద '4కే యాంటెన్నా' అని ఉంటుంది. నిజానికి యాంటెన్నాకు హెచ్‌డీ, 4కే అన్న తేడా తెలియదు. దాని పని రేడియో తరంగాన్ని పట్టుకోవడమే. ఇక వంద మైళ్లంటారా? భూమి గుండ్రంగా ఉండబట్టి ఎంత ఎత్తైన టవరైనా ఒక దూరం దాటాక దిగంతం కిందికి పోతుంది. ఇంట్లో పెట్టుకునే యాంటెన్నాకు ఆ మాట వర్తించడం కష్టమే.

అసలు కిటుకు ఎక్కడ పెడతామన్నదే. టవర్ ఉన్న వైపు కిటికీ దగ్గర, వీలైనంత ఎత్తులో పెడితే సగం పని అయిపోయినట్లే. గోడల్లో ఇనుప వల, అల్యూమినియం పూత ఉన్న ఇన్సులేషన్, ఎండ వేడి లోపలికి రాకుండా లోహపు పొర వేసిన అద్దాలు తరంగాలను అడ్డుకుంటాయి. అలాంటి ఇంట్లో ఒక కిటికీ దగ్గర ఏమీ రాక, రెండడుగులు జరిపితే అన్నీ రావడం మామూలే.

టవర్ ఎటుందో తెలుసుకోవడానికి వీధిలో వాకబు చేయక్కర్లేదు. ఎఫ్‌సీసీ వెబ్‌సైట్‌లోని టీవీ మ్యాపుల్లో చిరునామా కొడితే ఏ స్టేషన్ ఏ దిక్కున ఉంది, దాని సిగ్నల్ బలమెంత అన్నది చూపిస్తుంది. షికాగోలో విల్లిస్ టవర్, శాన్‌ఫ్రాన్సిస్కోలో సూత్రో టవర్, లాస్ ఏంజెలిస్‌లో మౌంట్ విల్సన్, డాలస్‌లో సీడర్ హిల్... ఇలా చాలా నగరాల్లో స్టేషన్లు ఒకేచోట గుమిగూడి ఉంటాయి. ఆ దిక్కు తెలిస్తే చాలు.

కుందేలు చెవులు ఎందుకంటే...

అక్కడి స్టేషన్లు రెండు రకాల తరంగాలు వాడతాయి. ఎక్కువ స్టేషన్లు యూహెచ్ఎఫ్‌లో ఉంటాయి. వాటి తరంగం పొడవు సుమారు అర మీటరు కాబట్టి అందులో సగం, అంటే పాతిక ముప్పై సెంటీమీటర్ల పలచటి అట్ట యాంటెన్నా సరిపోతుంది. 7 నుంచి 13 దాకా ఉన్న వీహెచ్ఎఫ్ చానళ్లకు తరంగం మీటరున్నర దాకా ఉంటుంది. వాటికి అట్ట కన్నా, లాగితే పొడవయ్యే రెండు కడ్డీల 'కుందేలు చెవులే' నయం. ఒక్కో కడ్డీని నలభై సెంటీమీటర్ల దాకా లాగి అడ్డంగా పరిస్తే సరి. ఈ తేడా వల్లే 2009లో షికాగోలో 7వ చానల్, ఫిలడెల్ఫియాలో 6వ చానల్ ఇంట్లో యాంటెన్నాలకు సరిగా అందక జనం ఇబ్బంది పడ్డారు. షికాగో స్టేషన్ ఆ తర్వాత యూహెచ్ఎఫ్‌కి మారింది.

ఇంకో సంగతి... డిజిటల్‌లో 'చుక్కల బొమ్మ' ఉండదు. వస్తే అద్దంలా వస్తుంది, లేదంటే గళ్లుగళ్లుగా విరిగి ఆగిపోతుంది. అందుకే యాంటెన్నా జరిపిన ప్రతిసారీ టీవీలో చానళ్లను మళ్లీ స్కాన్ చేయాలి. 2017 నుంచి 2020 మధ్య కొన్ని తరంగాలను సెల్‌ఫోన్ కంపెనీలకు ఇవ్వడంతో వందల స్టేషన్లు చోటు మారాయి. టీవీ మీద పాత నంబరే కనిపించినా అసలు తరంగం వేరు.

చానళ్లు రాకపోతే వెంటనే యాంప్లిఫయర్ కొనేస్తారు చాలామంది. అది లేని సిగ్నల్‌ను పుట్టించలేదు. పొడవాటి వైరులో పోయే బలాన్ని పూడుస్తుందంతే. టవర్ దగ్గరగా ఉంటే సిగ్నల్ మితిమీరి అసలుకే మోసం!

ఇంటి ఓనరు వద్దంటే?

లోపల పెడితే రాని ఇళ్లలో బాల్కనీలో పెట్టుకోవచ్చు. అద్దెకున్నవాళ్లకు ఓనరు ఒప్పుకోరేమోనన్న భయం సహజం. కానీ సొంతంగా వాడుకునే బాల్కనీలో టీవీ యాంటెన్నా పెట్టుకునే హక్కును ఎఫ్‌సీసీ నిబంధన కాపాడుతుంది. 1996లో వచ్చిన ఈ నిబంధనను 1999లో అద్దె ఇళ్లకూ వర్తింపజేశారు. అందరికీ చెందిన డాబాకు మాత్రం ఇది వర్తించదు.

తెలుగు చానళ్ల మాటేమిటంటే... వాటికి ఇంటర్నెట్ తప్పదు. మరి ఈ యాంటెన్నా ఎందుకు? తుపాను రాత్రిని ఊహించుకోండి. 2024 జులైలో బెరిల్ తుపానుకు హ్యూస్టన్ ప్రాంతంలో ఇరవై లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. కరెంటుతోపాటు ఇంట్లో వైఫై ఆగుతుంది, సెల్ టవర్లూ మొరాయిస్తాయి. అలాంటప్పుడు బ్యాటరీతో నడిచే చిన్న టీవీ, రెండు కడ్డీల యాంటెన్నా ఉంటే నీళ్లు ఎటు వస్తున్నాయో, ఏ రోడ్డు మూశారో తెలుస్తుంది. స్టేషనే మునిగితే తప్ప! 2017లో హార్వీ తుపానుకు అదే ఊళ్లో ఓ స్టేషన్ స్టూడియోలోకి నీళ్లొచ్చాయి. అప్పుడు స్థానిక పబ్లిక్ టీవీ కేంద్రం చోటివ్వడంతో మళ్లీ ప్రసారం చేయగలిగారు.

అయితే ఈ ఉచితానికీ ఓ చిక్కు వచ్చిపడింది. 2017లో అనుమతి పొందిన కొత్త ప్రసార విధానం ఏటీఎస్‌సీ 3.0లో బొమ్మ మరింత బాగుంటుంది. కానీ కొన్ని స్టేషన్లు ఆ సిగ్నల్‌కి డిజిటల్ తాళం వేస్తున్నాయి. తాళం తీసే అనుమతి ఉన్న టీవీ గానీ పెట్టె గానీ లేకపోతే యాంటెన్నాకు సిగ్నల్ చేరినా తెర మీద బొమ్మ రాదు. దీనిమీద ప్రేక్షకులు ఎఫ్‌సీసీకి ఫిర్యాదులు చేశారు. బిల్లు కట్టలేని ఇంటికీ, కరెంటు పోయిన రాత్రికీ చివరి దిక్కుగా మిగిలింది ఈ ప్రసారమే. దానికీ తాళం పడితే, ప్రజల ఆస్తి అన్న మాటకు అర్థమేముంటుందన్నదే వాళ్ల ప్రశ్న.