కుర్చీ అద్దెకు దొరుకుతుంది, సహవాసం మాటేమిటి?

మన పల్లెల పిల్లలు చదువు ముగించి ఉద్యోగాలకు పట్టణం వెళ్లడం క్రొత్త కాదు. అయితే నేడు కొందరికి వెళ్లడానికి ఆఫీసే లేదు. కంప్యూటరు ముందు కూర్చుంటే అద్దె గదిలోనే ఉద్యోగం జరిగిపోతుంది. 2020లో కరోనా వచ్చిన తరువాత ఇలాంటి వారు బాగా పెరిగారు. జీతం వస్తుంది గాని, ఉదయం నుండి రాత్రి వరకు పలకరించే మనిషి ఉండడు. ఒంటరితనం మెల్లగా మనిషిని క్రుంగదీస్తుంది.

దీనికి విరుగుడుగా పుట్టినవే కోవర్కింగ్ స్థలాలు. వేరు వేరు పనులు చేసేవారు ఒకే హాలులో బల్లలు అద్దెకు తీసుకొని, ప్రక్కప్రక్కనే కూర్చొని ఎవరి పని వారు చేసుకుంటారు. హైదరాబాదులో మాదాపూర్, గచ్చిబౌలి వంటి చోట్ల ఇవి చాలా ఉన్నాయి.

వీటి ఆరంభం ఎలా జరిగిందో వినండి. 2005 ఆగస్టులో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో బ్రాడ్ న్యూబర్గ్ అనే కంప్యూటరు ప్రోగ్రామరు వారానికి రెండు రోజులకు ఒక చోటు అద్దెకు తీసుకొని బల్లలు వేశాడు. సొంతంగా పని చేసుకునే స్వేచ్ఛ, నలుగురితో కలిసి ఉండే ఆదరణ, రెండూ కావాలని అతని కోరిక. మొదటి నెల ఒక్కరూ రాలేదు! అయినా అతడు మానలేదు. కాఫీ హోటళ్లకు వెళ్లి మనుషులను పిలిచాడు. ఒకరొకరుగా వచ్చారు. మధ్యాహ్నం కలిసి భోంచేసేవారు, సాయంత్రం వేళకు పని కట్టిపెట్టేవారు. మరుసటి సంవత్సరం ఆ చోటు మూతబడి, దాని స్థానంలో మరింత పెద్దది వచ్చింది. బల్లలు వేయగానే మనుషులు కలిసిపోలేదని గమనించండి. పిలుపు, కలిసి తినడం, ఓర్పు కావలసి వచ్చాయి.

క్రొత్తగా చేరిన మన యౌవనస్థులకూ ఇదే వర్తిస్తుంది. డబ్బు కడితే కుర్చీ దొరుకుతుంది, స్నేహం దొరకదు.

మొదటి నెలలో

చాలా చోట్ల ఒక్క రోజుకు కూడా అద్దె తీసుకుంటారు. ముందు ఒక రోజు కూర్చొని చూచి, తరువాతే నెల డబ్బు కట్టాలి. ఆడపిల్లలైతే రాత్రి ఎంతవరకు తెరచి ఉంచుతారు, బస్సు ఎంత దూరం, మరుగుదొడ్లు ఎలా ఉన్నాయి అని చూచుకోవాలి.

కొన్ని చోట్ల ఎవరి బల్ల వారికి ఉండదు, ఖాళీ ఉన్నచోట కూర్చోవాలి. అయినా రోజూ అదే వేళకు వచ్చి, ఒకే మూల కూర్చుంటే ముఖాలు త్వరగా పరిచయమవుతాయి. అక్కడి మేనేజరును అడిగి ఇద్దరు ముగ్గురితో పరిచయం చేయించుకోవడంలో చిన్నతనం లేదు.

చెవులకు హెడ్‌ఫోను పెట్టుకున్న వారిని సాధారణంగా కదిలించకూడదు, టీ వేళ పలకరించవచ్చు. పొలం గట్టు మీద మాట్లాడినట్లు ఫోనులో గట్టిగా మాట్లాడితే హాలంతా తలలు తిప్పుతుంది. లేచి బయటికి వెళ్లాలి. తాగిన కప్పు తానే కడిగి పెట్టాలి. చేరిన రోజే ఇన్సూరెన్సు పాలసీలో, సొంత వ్యాపారమో అమ్మజూస్తే రెండవ రోజు ఎవరూ దగ్గరకు రారు.

అన్నిటికంటె ముఖ్యం భోజనం. క్యారియరు తన బల్ల మీదే విప్పుకొని ఒంటరిగా తినేవాడు ఆరు నెలలైనా క్రొత్తవాడే. నలుగురు తినే చోటికి వెళ్లి "ఇక్కడ కూర్చోవచ్చా?" అంటే చాలు. ఇంగ్లీషు సరిగా రాదని కొందరు వెనుదీస్తారు. హైదరాబాదు భోజనాల బల్ల దగ్గర తెలుగు వినబడని రోజు అరుదు. ఆవకాయ సీసా మూత తీస్తే పరిచయానికి భాష అడ్డు రాదు!

అందరూ స్నేహితులు కావాలని లేదు. పని చేసుకొని వెళ్లిపోయేవారు కూడా ఉంటారు. నొచ్చుకోకూడదు. ఇద్దరు మనసిచ్చి మాట్లాడితే అదే మేలు.

తల్లిదండ్రులకు ఒక మాట

మనం ఫోనులో "తిన్నావా?" అని అడుగుతాం. "తిన్నానమ్మా" అంటారు. ఇకమీదట "ఎవరితో కలిసి తిన్నావు?" అని కూడా అడుగుదాం. జవాబు రాక ఫోను మౌనమైతే, బిడ్డ ఎలా ఉన్నాడో మనకు తెలుస్తుంది. అప్పుడు మందలించవద్దు, నెమ్మదిగా మాట్లాడించండి.

నెల తిరిగేసరికి క్రొత్తవారు పాతవారవుతారు. అప్పుడు మరొకరు సంచి భుజాన వేసుకొని, ఎక్కడ కూర్చోవాలో తెలియక గుమ్మం దగ్గర నిలబడతారు. లేచి వెళ్లి వారికి చోటు చూపమని మన పిల్లలకు నేర్పుదాం.