అంగారకుడి మీద దిగని మేకు

పైలింగ్ పనిలో ఉన్న మాకు ఒక సంగతి బాగా తెలుసు. పైల్‌ను నిలబెట్టేది చుట్టూ ఉన్న మట్టి పట్టే. అందుకే సాయిల్ రిపోర్టు చేతికి రానిదే రిగ్ స్టార్ట్ చేయం. మరి ముందుగా మట్టి పరీక్షించే వీలే లేని చోటైతే?

నాసా వారి ఇన్‌సైట్ ల్యాండర్‌కు ఇదే ఎదురైంది. 2018 నవంబర్ 26న అది అంగారక గ్రహంపై ఎలీసియం ప్లానీషియా అనే మైదానంలో దిగింది. గ్రహం లోపలి నుంచి ఎంత వేడి పైకి వస్తోందో కొలవడం దాని పనుల్లో ఒకటి. అందుకోసం జర్మనీ అంతరిక్ష సంస్థ డీఎల్ఆర్ 40 సెంటీమీటర్ల పొడవున్న మేకులాంటి పరికరాన్ని తయారుచేసింది. పేరు ‘మోల్’. లోపలి మోటారు స్ప్రింగును బిగించి వదిలితే సుత్తి దెబ్బ పడుతుంది. అలా తనను తానే కొట్టుకుంటూ, సెన్సర్లున్న పట్టీని వెంట లాక్కుంటూ 5 మీటర్ల లోతుకు దిగాలి.

2019 ఫిబ్రవరి 28న దెబ్బలు మొదలయ్యాయి. అడుగు దాటిందో లేదో, ఆగిపోయింది! రాయి అడ్డుపడిందేమో అనుకున్నారు. అసలు సంగతి మట్టిలో ఉంది. వేరేచోట్ల కనిపించిన వదులు ఇసుకను దృష్టిలో పెట్టుకుని మేకును డిజైన్ చేశారు. ఇక్కడేమో మట్టి గడ్డకట్టి ఉంది. మేకు చుట్టూ గొయ్యి పడిందే తప్ప మట్టి కూలి దాన్ని పట్టుకోలేదు. పట్టు లేకపోతే ఎంత కొట్టినా ఉన్నచోటే గెంతుడు.

మా సైట్‌లో అయితే ఇద్దరు కుర్రాళ్లు మట్టి నింపి దిమ్మిస కొట్టేవాళ్లు. అక్కడెవరున్నారు? భూమి నుంచి ఆదేశాలు పంపి, ల్యాండర్ చేతికున్న చిన్న పారతో పక్క నుంచి ఒత్తారు. కాస్త దిగింది. 2019 అక్టోబర్‌లో సగం బయటికి వచ్చేసింది. మళ్లీ ఒత్తారు, తల మీద నొక్కారు. చివరికి మేకు మట్టిలో మునిగింది కానీ, 2021 జనవరి 9న కొట్టిన 500 దెబ్బలకు కదల్లేదు. దాంతో పని ఆపేశారు.

రెండేళ్ల శ్రమ పూర్తిగా వృథా పోలేదు. పైపొర మట్టిలో వేడి ఎంత నెమ్మదిగా పాకుతుందో ఆ మేకే కొలిచింది.

మన శ్రీహరికోట నుంచి 2023 జూలై 14న వెళ్లిన చంద్రయాన్-3లోని ‘చాస్టే’ది 10 సెంటీమీటర్ల లక్ష్యమే. 8 సెంటీమీటర్ల లోతులోనే సున్నాకు 10 డిగ్రీలు దిగువన చలి ఉందని చెప్పింది. లోతు చిన్నదే, పని పూర్తయింది.

పక్క ప్లాట్ రిపోర్టు చూసి మన ప్లాట్‌లో పైల్ వేయకూడదని సీనియర్లు మాకు చెబుతుంటారు. అంగారకుడి మీదా అదే రూలు.